తోడల్లుడి సముద్రం

సముద్రాన్ని బకెట్లతో మోసి బాత్రూములో పారబోయడానికి అద్దాలాయనకి ఒక ఆదివారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది.

రెండున్నర అడుగుల సముద్రం అది. హాల్లో సోఫాకి ఎదురుగా, గోడవారగా, మొన్నమొన్నటి దాకా నీలం లైటు కింద నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఊగేది. ఇప్పుడు అడుగున బూడిదరంగు జిగురు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. రాళ్ళ సందులో ఒక రొయ్య, బతికున్నప్పుడు ఎర్రచారలతో మిడిసిపడేది, నానిన కాగితంలా తెల్లబడి పడి ఉంది. నారింజ చారల చేపలు రెండూ అందరికంటే చివర పోయాయి, ఒకదాని వెనక ఒకటి, ఒక్క రోజు తేడాలో.

"బకెట్టు నిండుగా తియ్యకండి, నడుం పట్టేస్తుంది," అంది భార్య, ముక్కుకి తువ్వాలు కట్టుకుని కిటికీలు తెరుస్తూ.

"నా నడుం సంగతి నాకు తెలుసు."

"చేపల సంగతి కూడా తెలుసనే అన్నారు."

ఆయన బకెట్టు మళ్ళీ ముంచాడు. ఉప్పునీళ్ళు చేతుల పగుళ్ళలో మండుతున్నాయి. కానీ అసలు మంట అది కాదు. సరిగ్గా ఇదే సమయానికి, నాలుగు వీధుల అవతల, ఐదో అంతస్తులో, తోడల్లుడి ఇంట్లో నాలుగడుగుల సముద్రం ఏ దిగులూ లేకుండా ఊగుతూ ఉంటుంది. అదీ మంట.

కళ్ళద్దాల షాపులో, కొనేవాళ్ళకి కనిపించని వెనక గదిలో ఆయన పని. కిటికీ కింద బల్ల. బల్ల మీద తడితడిగా తిరిగే సానచక్రం, సీసా మూతలో పోసుకున్న ఆవగింజంత మరలు, మూడు సన్నటి స్క్రూడ్రైవర్లు. ఇరవై ఆరేళ్ళుగా లెన్సులు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తున్నాడు. ఆ చుట్టుపక్కల సగం మంది ఆయన బిగించిన అద్దాల్లోంచే లోకాన్ని చూస్తారు. ఎవరైనా తలనొప్పి వస్తోందని తిరిగొస్తే లెన్సుని తిట్టడు, ఫ్రేముని తిట్టడు. ముందు తన చేతినే అనుమానిస్తాడు. "ఇలా ఇవ్వండి, నేనే ఎక్కడో వంకర పెట్టుంటాను," అంటాడు. పనిలో అంత నిజాయితీ. అందుకే షాపు యజమానులు మూడుసార్లు మారినా వెనక గదిలో మనిషి మారలేదు.

ఆయన కళ్ళకి మాత్రం ఒక జబ్బుంది. నలభై దాటాక దగ్గరివి చూడటానికి అద్దం కావలసి వచ్చింది గానీ, దూరపు చూపు నానాటికీ పదునెక్కింది. ముఖ్యంగా ఎదుటివాళ్ళ ఇంట్లో ఉన్నవి చూడటంలో. పక్క వాటాలో బల్బు తన ఇంటి బల్బు కంటే ఒక పిసరు ఎక్కువ వెలుగుతున్నట్టుండేది. పై వాటా వాళ్ళ కుళాయిలో నీళ్ళు మరికాస్త చల్లగా వస్తున్నట్టుండేది. పైకి ఒక్క మాట అనేవాడు కాదు. లోపల కుతకుత ఉడికేవాడు. మూత తియ్యని గిన్నె అది.

అత్తవారింట నాలుగేళ్ళు ఒక్కగానొక్క అల్లుడిగా వెలిగాడు. తర్వాత రెండోవాడు వచ్చాడు.

రెండోవాడు లిఫ్టులు బాగుచేస్తాడు. లిఫ్టాయన. చొక్కా కాలరు మీద ఎప్పుడూ ఒక నల్లటి గ్రీజు మరక, జోకు చెప్పకముందే వచ్చేసే నవ్వు. ఏ పనీ పద్ధతిగా చెయ్యడు. కానీ అతను ఒక్క దెబ్బ వేస్తే ఆగిపోయిన ఫ్యాను తిరుగుతుంది, గుచ్చి వదిలేసిన కొమ్మ చిగురేస్తుంది. పట్టిందల్లా బంగారం అన్న మాట ఇలాంటివాణ్ణి చూసే పుట్టి ఉంటుందని అద్దాలాయన అనుకునేవాడు, ఆ మాట పుట్టించినవాణ్ణి కూడా కలిపి తిట్టుకుంటూ.

రెండేళ్ళ కిందట ఒక అపార్టుమెంటులో లిఫ్టు బాగుచేస్తుంటే, ఇల్లు ఖాళీ చేస్తున్న ఎవరో ఈ ఉప్పునీళ్ళ తొట్టిని అతనికి అంటగట్టి పోయారు. తీసుకెళ్ళి హాల్లో పెట్టాడు. చేపలు చావలేదు. పైగా పెరిగాయి. రాళ్ళ మీద గుండీ పువ్వులు పూశాయి. అవి పువ్వులు కావు, కదలకుండా బతికే చిన్న చిన్న ప్రాణులు. వాటికేదో నోరు తిరగని పేరుంది గానీ, చొక్కా గుండీలంత ఉంటాయని ఇంట్లోవాళ్ళు అలా పిలుచుకున్నారు. ఆకుపచ్చ అంచు, గులాబీ కన్ను. నీళ్ళు కదిలినప్పుడల్లా వందల కళ్ళు ఒక్కసారి రెప్పలు ఆర్పినట్టుండేది.

వాటన్నిటితో ఆయనకి పేచీ లేదు. పేచీ అంతా భార్య కూర్చునే తీరుతో.

ఆమె ఒక పెద్ద బడి ఆఫీసులో పనిచేస్తుంది. రోజంతా ఫోన్లు, గంటలు, తల్లిదండ్రుల తగాదాలు. సాయంత్రానికి చెవుల్లో ఒక తేనెటీగల పట్టు పెట్టుకుని ఇంటికొస్తుంది. అలాంటి మనిషి, చెల్లెలింటికి వెళ్ళిన ప్రతి ఆదివారం, ఆ తొట్టి ముందు కూర్చుని చేతిలో టీ సంగతి మరిచిపోయేది. టీ మీద మీగడ కట్టేది. ముఖం మీద నీలం వెలుగు మెల్లగా కదిలేది. పదేళ్ళ వయసు ఆ వెలుగుతో పాటు జారిపోయేది. అరగంట. ఒక్కోసారి ముప్పావు గంట.

"అక్కడ కూర్చుంటే తల తేలికవుతుందండీ," అనేది తిరిగొస్తూ.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన ఇంట్లో దేని వంకా ఆమె అలా చూడలేదు. తన వంక సరేసరి. అద్దాలాయన దారంతా లెక్కపెట్టుకునేవాడు. ఎన్ని నిమిషాలు చూసింది, ఎన్నిసార్లు చిరునవ్వు నవ్వింది.

ఆర్నెల్ల కిందట ఆయనా ఒక తొట్టి కొన్నాడు. చేపల షాపు నడిపే ఆవిడ దగ్గర మూడు వారాలు పాఠం చెప్పించుకుని, అన్నీ పద్ధతి ప్రకారం చేశాడు. మంచినీళ్ళు వడపోసి, తూచిన ఉప్పు కలిపి, ఒక రోజంతా తిప్పి, అప్పుడు పోశాడు. ఉప్పు కొలవడానికి అరచేతిలో పట్టే ఒక గొట్టం కూడా కొన్నాడు. ఒక చివర ఏటవాలు గాజుపలక. దాని మీద చుక్క నీళ్ళు వేసి, మూత వాల్చి, రెండో చివర కన్ను పెట్టి వెలుతురు వైపు చూడాలి. పైన నీలం, కింద తెలుపు, మధ్యలో గీత. సముద్రమైతే గీత ముప్పై ఐదు దగ్గర నిలుస్తుంది. మంచినీళ్ళయితే సున్నా దగ్గర. గీత పక్కకి జరిగితే సరిచెయ్యడానికి నెత్తిన ఒక బుల్లి మర. అద్దంలోంచి చూసి, మర తిప్పి సరిచేసే వస్తువు. తన కోసమే పుట్టినట్టుందని మురిసిపోయాడు.

నాలుగు నెలలు బాగానే గడిచాయి. గుండీ పువ్వులు విచ్చుకున్నాయి. కానీ సగమే. తోడల్లుడింట్లో పళ్ళెంలా పరుచుకునేవి, ఇక్కడ మొగ్గ విడీ విడనట్టు. భార్య కూర్చుని చూసేది. పది నిమిషాలు. టీ వేడి తగ్గకముందే తాగేసేది.

"బాగుంది," అనేది లేస్తూ.

ఆ 'బాగుంది' ఆయనకి ముల్లులా దిగేది.

అప్పుడు చేశాడు ఆ పని. ఒక ఆదివారం తోడల్లుడింట్లో అందరూ కొత్త ఉయ్యాలకుర్చీ చూడటానికి బాల్కనీలోకి వెళ్ళారు. అద్దాలాయన జేబులో లెన్సులు తుడిచే మందు తాలూకు ఖాళీ సీసా ఉంది. బొటనవేలంత సీసా. తొట్టి పైన గాజుమూత, మూత మీద లైట్లు, తీస్తే చప్పుడవుతుంది. కింద చెక్క అలమార ఉంది. పై తొట్టి నీళ్ళు కిందికి దిగి వడపోత అయి మళ్ళీ పైకెళ్ళేది అక్కడే అని ఆయనకి తెలుసు. తలుపు ఓరగా తీసి, చీకట్లో చేతికి తగిలిన తొట్టిలో సీసా ముంచి, మూత బిగించి, జేబులో వేసుకుని, ఉయ్యాలకుర్చీ దగ్గరికి వెళ్ళి అందరికంటే గట్టిగా మెచ్చుకున్నాడు.

ఇంటికొచ్చి ఆ నీళ్ళు గాజుపలక మీద వేసి చూశాడు. పద్నాలుగు.

మళ్ళీ వేశాడు. పద్నాలుగే.

తోడల్లుడి సముద్రం పద్నాలుగా? అన్ని పువ్వులు పూసే నీళ్ళు తప్పు ఎలా అవుతాయి? తప్పు గొట్టానిదే. ఇన్నాళ్ళూ ఇది తనతో అబద్ధం చెబుతోంది, అందుకే తన పువ్వులు విప్పారలేదు. వంటింట్లోకి నాలుగడుగులు వేసి చుక్క మంచినీళ్ళతో సరిచూసుకుంటే సరిపోయేది. షాపులో ఒక లెన్సుని మూడుసార్లు సరిచూడందే చేతిలోంచి వదలని మనిషి. ఆ పూట ఆ నాలుగడుగులు వెయ్యలేదు. మనం ఓర్వలేనివాణ్ణి నమ్మినంతగా ఇంకెవర్నీ నమ్మం కాబోలు. సన్నటి స్క్రూడ్రైవరు తీసి, తోడల్లుడి నీళ్ళు ముప్పై ఐదు చూపించేదాకా మర తిప్పాడు.

తర్వాత తన తొట్టి నీళ్ళు వేస్తే గీత యాభై ఆరుకి ఎక్కి కూర్చుంది. "అదీ సంగతి," అనుకున్నాడు. ఆ రోజు నుంచి రోజూ ఒక బకెట్టు ఉప్పునీళ్ళు తీసేసి ఒక బకెట్టు మంచినీళ్ళు పోశాడు. ముందు గుండీ పువ్వులు ముడుచుకున్నాయి. అలవాటు పడుతున్నాయనుకున్నాడు. తర్వాత రొయ్య. తర్వాత రాళ్ళ మీద ప్రాణమున్నదంతా. ఆ కుళ్ళు నీళ్ళలో చివరికి చేపలు. గొట్టం మాత్రం యాభై ఆరు నుంచి దిగొచ్చి, కళ్ళు మూసుకుని ముప్పై ఐదు అంటూనే ఉంది.

పరామర్శకి లిఫ్టాయన వచ్చాడు. ఖాళీ తొట్టి ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"మీ అంత శ్రద్ధ ఉన్నవాళ్ళింట్లోనే ఇలా అయితే ఇంక మాలాంటివాళ్ళం ఎంత అన్నయ్యా. ఎవరి దిష్టో తగిలింది."

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు అద్దాలాయన గబుక్కున తల తిప్పుకున్నాడు.

కొత్త తొట్టి కొనాలని పట్టుబట్టింది భార్యే. ఆ గోడ బోసిగా ఉంటే అటు చూడబుద్ధి కావడం లేదంది. చేపల షాపావిడ పాత తొట్టి చూసి పెదవి విరిచింది. మూలల్లో గాజు అతుకు లేచిపోయిందట, ఆ కుళ్ళు ఎంత కడిగినా పోదట. మూడడుగులది కొత్తది చూపించింది.

"నాలుగున్నర అడుగులది లేదా?" అన్నాడు అద్దాలాయన.

"మన గోడే నాలుగడుగులు," అంది భార్య. "మిగతా అరడుగు ఎవరింట్లో పెడదాం?"

మూడడుగులదే కొన్నారు. షాపావిడ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ చెప్పింది: "నీళ్ళూ ఉప్పూ పోస్తే సముద్రం కాదు సార్. ప్రాణమున్న రాయి కావాలి. బాగా నడుస్తున్న పాత తొట్టిలోంచి ఒక రాయి తెచ్చి వేశారనుకోండి, పాలకి తోడు వేసినట్టు. ఆ రాయిలో ఉన్నదే కొత్త నీళ్ళనిండా పాకుతుంది. నా దగ్గర ప్రస్తుతం లేదు. మీకు తెలిసినవాళ్ళెవరికైనా ఉందా?"

అద్దాలాయన లేదనబోయాడు.

"ఎందుకు లేదూ," అంది భార్య. "మా చెల్లెలింట్లో ఉంది."

ఆ ఆదివారం ఖాళీ బకెట్టు పట్టుకుని మెట్లు ఎక్కారు. లిఫ్టాయన ఉండే భవనంలో లిఫ్టు పాడైంది. అది కూడా చూసి కాస్త సంతోషించాడు అద్దాలాయన. నాలుగో అంతస్తుకి ఆ సంతోషం ఆయాసంగా మారిపోయింది.

"రండి బావా, రా అక్కా," అంది మరదలు తలుపు తీసి. "మా ఆయన ఊరందరి లిఫ్టులూ బాగుచేస్తాడు, మనది తప్ప."

తొట్టి ఎప్పటిలాగే ఉంది. ఎప్పటికంటే బాగుంది. పెద్ద రాయి నిండా గుండీ పువ్వులు కళ్ళు తెరిచి చూస్తున్నాయి. భార్య అప్పుడే కుర్చీలో కూర్చుంది, అప్పుడే ఆమె ముఖం మీదికి నీలం వచ్చేసింది.

అడగడానికి నోరు రాలేదు ఆయనకి. చల్లకొచ్చి ముంత దాచినట్టు బకెట్టుని కాళ్ళ వెనక పెట్టుకుని కూర్చున్నాడు.

"అదేంటి అన్నయ్యా, బకెట్టు దాస్తారేం, వదిన ఫోనులో అంతా చెప్పింది," అని నవ్వాడు లిఫ్టాయన. "ఇదిగో ఈ పెద్ద రాయిలోంచి సగం కొట్టి ఇస్తాను. కానీ ముందు ఒక్క సాయం. ఉప్పు చూసే నా ముల్లు డబ్బా కిందపడి పగిలి నెలైంది. అప్పటి నుంచి ఉప్పు కొలిచింది లేదు, మా ఆవిడ టీ మగ్గే కొలత. మీ గొట్టం తెచ్చారా?"

"తెచ్చారు, జేబులోనే ఉంటుంది ఎప్పుడూ," అంది భార్య, తొట్టి మీంచి చూపు తిప్పకుండానే. ఆ గొంతులో కాస్త గర్వం ఉంది. అద్దాలాయన దాన్ని అందుకుని దాచుకున్నాడు.

లిఫ్టాయన చుక్క వేసి కిటికీ వైపు తిరిగి ఒక కన్ను మూశాడు. నవ్వు ఆగిపోయింది.

"యాభై ఆరు."

మరదలు కూడా చూసింది. "ఇన్నాళ్ళూ ఉప్పు ఎక్కువేస్తున్నామా? మరి ఇవి ఎలా బతికున్నాయి?"

"బతికున్నాయి, ఎప్పుడు పోతాయో తెలియదు. ఈ విషయంలో అన్నయ్య కొలత తప్పడం ఉండదు. తప్పు నాదే," అన్నాడు లిఫ్టాయన. అప్పటికే జగ్గులో మంచినీళ్ళు పట్టి గాజుమూత ఎత్తుతున్నాడు. ఒక జగ్గు పోశాడు. "ఉండండి, ముందు కింద ఉప్పునీళ్ళు కొన్ని తియ్యాలి."

అలమార తలుపు బార్లా తెరిచాడు. లోపల ఒకటి కాదు, రెండు తొట్లున్నాయి. కుడివైపు పెద్దది, గొట్టాలతో, నురగతో గుడగుడలాడుతోంది. ఎడమవైపు తలుపు దగ్గరే చిన్నది, ఎండిపోయి ఉంది.

"ఈ చిన్నదేంటి?" అంది భార్య.

"అది ఆస్పత్రి వదినా. ఆ మధ్య పసుపు చేపకి తెల్లమచ్చలు వచ్చాయి కదా. నెల్రోజులు దాన్ని ఇందులో పెట్టాను, పలచటి ఉప్పునీళ్ళలో. పద్నాలుగు దగ్గర. ఆ పలచదనానికి మచ్చల పురుగు చస్తుంది, చేప బతుకుతుంది. పువ్వులకీ రాళ్ళకీ మాత్రం ఆ నీళ్ళు విషమే."

పద్నాలుగు.

అద్దాలాయనకి గది కాస్త దూరంగా జరిగినట్టయింది. కొత్త అద్దాలు పెట్టుకున్నవాళ్ళకి మొదటి అడుగులో నేల ఒక జానెడు కిందికి దిగినట్టుంటుంది. అలా. చీకట్లో చేతికి తగిలిన తొట్టి ఎడమదే. తను తెచ్చుకున్నది జబ్బు చేప నీళ్ళు. వాటికి సరిపోయేలా మర తిప్పాడు. తిప్పిన మరకి సరిపోయేలా తన సముద్రాన్ని చంపుకున్నాడు. ఇప్పుడదే గొట్టం తోడల్లుడి చేతిలో ఉంది.

దొంగకి తేలు కుట్టినట్టు కూర్చుండిపోయాడు.

లిఫ్టాయన కింది ఉప్పునీళ్ళు కొన్ని తీసి రెండో జగ్గు పోశాడు.

ఇన్నేళ్ళలో మొదటిసారి ఈ ఇంట్లో ఆయన మాట పైమాటైంది. అన్నయ్య కొలత తప్పదన్నాడు ఆ నవ్వే మనిషి. ఒక్క మాట అనకుండా ఊరుకుంటే చాలు. రోజుకో బకెట్టు, పన్నెండు రోజులు. తర్వాత ఈ గోడా బోసిపోతుంది. ఎవరికీ తెలియదు. అసలు తను చేసిందేముంది, ఊరికే కూర్చున్నాడు. ఆ ఆలోచన నాలుక మీద తియ్యగా కరిగింది. అంత తియ్యగా కరగడం చూసి ఆయనకే ఒళ్ళు జలదరించింది.

మూడో జగ్గు. నీళ్ళు నేరుగా పెద్ద రాయి మీద పడ్డాయి. పడ్డ చోట గుండీ పువ్వులు వరసగా కళ్ళు మూసుకున్నాయి.

"మనింట్లో కూడా ముందు ఇవే ముడుచుకున్నాయి కదండీ," అంది భార్య మెల్లగా. నీలం వెలుగు ఆమె ముఖం మీంచి తొలగిపోయింది. తేనెటీగల పట్టు మళ్ళీ వచ్చి చెవుల్లో కూర్చున్నట్టు చెయ్యి కణతకి పోయింది.

"ఆపు తమ్ముడూ," అన్నాడు అద్దాలాయన.

లేచి జగ్గూ గొట్టమూ తీసుకున్నాడు. అందులోంచి ఒక్క చుక్క గాజుపలక మీద వేసి, గొట్టం తోడల్లుడి చేతికిచ్చాడు. "చూడు."

"ఇరవై ఒకటి." లిఫ్టాయన గొట్టం దించి జగ్గు వంక చూశాడు. "ఇవి మంచినీళ్ళు కదా."

"మంచినీళ్ళే."

"మరి సున్నా కదా చూపించాలి."

"సున్నాయే చూపించాలి."

"అయితే గొట్టం పాడైందా బావా?" అంది మరదలు.

ఎంత మంచి మరదలు. తెలియకుండానే తలుపు తీసి పట్టుకుంది. పాడైందమ్మా అని బయటపడొచ్చు. షాపువాళ్ళని నాలుగు తిట్టి, టీ తాగి, రాయి పట్టుకుని వెళ్ళిపోవచ్చు. కానీ ఇరవై ఆరేళ్ళుగా చేతి తప్పుని లెన్సు మీదికి నెట్టని మనిషి. ఆ అలవాటు అడ్డం పడింది.

"పాడవలేదు. నేనే పాడు చేశాను. నెలన్నర కిందట మీరంతా బాల్కనీలో ఉన్నప్పుడు, ఈ తలుపు తీసి సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళాను. ఇదిగో ఈ ఎడమ తొట్టిలోంచి. అవి పద్నాలుగు చూపించాయి. నీ నీళ్ళు తప్పు కావు, నా గొట్టమే తప్పు అని మర తిప్పేశాను."



"నీళ్ళా బావా?" అంది మరదలు. "దొంగతనంగానా?"

"నన్నడిగితే బిందెడు ఇచ్చేవాణ్ణి కదా అన్నయ్యా," అన్నాడు లిఫ్టాయన. అతను నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండుననిపించింది. "అడగొచ్చు కదా."

"అడగలేకపోయాను."

"ఎందుకని?"

ఏ గాజుపలక మీదా కొలవలేని ప్రశ్న అది.

"కళ్ళు కుట్టి," అంది భార్య.

ఆ రెండు మాటలూ మామూలుగా, టీలో చక్కెర తక్కువైంది అన్నట్టు అంది. మరదలికి నవ్వాగలేదు. లిఫ్టాయన మెడ మీద గ్రీజు మరక రుద్దుకుంటూ అటు తిరిగాడు. అతని భుజాలు కదిలాయి. అది నవ్వో, కోపమో వెనక నుంచి తెలియలేదు.

"ముందు సున్నా పెట్టండి," అన్నాడు తిరగకుండానే.

అద్దాలాయన జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. మంచినీళ్ళు సున్నా చూపించేదాకా మర వెనక్కి తిప్పాడు. తర్వాత పెద్ద తొట్టి నీళ్ళు వేసి చూశాడు. మూడు జగ్గులు పోశాక కూడా ముప్పై నాలుగు. అంటే పొయ్యకముందు నిక్కచ్చిగా ముప్పై ఐదు. ఏ కొలతా లేకుండా. టీ మగ్గుతో.

ఇంత సిగ్గు మధ్యలో కూడా కడుపులో ఒక చిన్న మంట చురుక్కుమంది. దాని పట్టుదలకి ఆయనకే ఆశ్చర్యం వేసింది.

లిఫ్టాయన ఒక మగ్గు ఉప్పు ఇంకో బకెట్టులో కలుపుకుంటూ కూర్చున్నాడు. చెయ్యి తిరుగుతూనే ఉంది. చివరికి ఉలి తెచ్చి, చేతులు మోచేతుల దాకా ముంచి, పెద్ద రాయిని నాలుగు దెబ్బల్లో రెండు చేశాడు. పువ్వులు ఎక్కువున్న ముక్క బకెట్టులో పెట్టాడు.

"అది ఎక్కువైంది, తక్కువున్నది ఇవ్వు," అన్నాడు అద్దాలాయన.

"ఊరుకోండి అన్నయ్యా. తక్కువిస్తే అది చాల్లేదని మళ్ళీ సీసా పట్టుకొస్తారు."

అప్పుడు నవ్వాడు. అందరూ నవ్వారు. అద్దాలాయన కూడా, ఒక క్షణం ఆలస్యంగా.

మెట్లు దిగుతూ భార్య ఒక్కటే మాట అంది. "నగలెత్తుకుపోయిన మొగుళ్ళ గురించి విన్నాను. ఉప్పునీళ్ళు ఎత్తుకొచ్చిన మొగుడు నాకే దొరికాడు." మూడో అంతస్తు దగ్గర బకెట్టు పిడి రెండో వైపు తను పట్టుకుంది.

కొత్త తొట్టిలో ఆ రాయి ఐదు వారాలు ఒంటరిగా ఉంది. చేపలు లేవు, రొయ్య లేదు. అద్దాలాయన రోజూ ముందు మంచినీళ్ళ చుక్క వేసి సున్నా చూసేవాడు, తర్వాతే తొట్టి నీళ్ళు. ఆవిరైపోయినంత మేరకే మంచినీళ్ళు పోసేవాడు. కొన్ని పువ్వులు రాలిపోయాయి. మిగిలినవి నీళ్ళని అనుమానంగా చూసి, మెల్లగా విచ్చుకున్నాయి. ఆరో వారంలో రాయి పగిలిన అంచున ఒక సన్నటి గొట్టంలోంచి ఏదో బయటికొచ్చింది. పురుగే. తల చుట్టూ ఎర్రటి ఈకలు. విసనకర్ర విప్పినట్టు విప్పి, నీడ పడగానే చటుక్కున లోపలికి లాక్కునేది.

ఆ ఆదివారం లిఫ్టాయన, మరదలు వచ్చారు. లిఫ్టాయన సోఫాలో కూర్చుని టీ అందుకున్నాడు. ఎర్ర విసనకర్ర విచ్చుకుంది. అతని మాట మధ్యలో ఆగింది.

"ఇది ఆ రాయిలోదేనా? మా ఇంట్లో ఒక్కసారి కూడా బయటికి రాలేదే."

"గోడవైపు ఉండేదేమో," అన్నాడు అద్దాలాయన. ఎంత మామూలుగా అనాలో అంత మామూలుగా అన్నాడు.

లిఫ్టాయన టీ మీద మీగడ కట్టింది. ఆ చూపు అద్దాలాయనకి తెలుసు. ఏ కళ్ళ డాక్టరు చీటీ చూడకుండానే దాని నంబరు చెప్పగలడు.

"అన్నయ్యా, ఏమీ అనుకోకపోతే, మీ నీళ్ళు ఒక్క చుక్క పట్టుకెళ్ళనా? ఊరికే. చూద్దామని."

అద్దాలాయన లోపలికెళ్ళి బొటనవేలంత సీసా తెచ్చాడు. పై తొట్టిలోంచే ముంచి, మూత బిగించి, దాని మీద నల్ల పెన్నుతో 'ముప్పై ఐదు' అని రాసి, ఆ అంకె కింద 'పెద్ద తొట్టి' అని కూడా రాసి ఇచ్చాడు. ఇచ్చాక రాయకుండా ఉండాల్సిందేమో అనిపించింది. పోనీలే అనుకున్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక భార్య ఆ సోఫాలో కూర్చుంది. చేతిలో టీ. నీలం వెలుగు ఆమె నుదుటి మీద నుంచి చెంపల మీదికి దిగింది. పది నిమిషాలు దాటింది. ఇరవై. ఆమె ఎర్ర విసనకర్రని చూస్తోంది, ఆయన ఆమెని చూస్తున్నాడు. టీ చల్లారిపోతోంది అని చెప్పబోయి ఊరుకున్నాడు.

అరగంట దాటాక ఆమె తనలో తను చిన్నగా నవ్వుకుంది, ఆ పురుగు వంక చూసి.

ఇప్పుడు అద్దాలాయనకి ఆ పురుగు మీద కన్ను కుట్టింది.